కలమజూలో వసుమతి చదివిన పేపరు

వసుమతికి అమెరికా డాక్టర్ల మొహాలు తెలియవు. గొంతులు తెలుసు. డెట్రాయిట్ పక్కనున్న ట్రాయ్‌లో, సొంత ఇంటి బేస్‌మెంట్లో, బట్టలుతికే మిషను పక్కన కూర్చుని, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కాలి కింద పెడల్ పెట్టుకుని ఏళ్ల తరబడి ఆమె చేసిన పని వాళ్ల గొంతులు వినడమే. రోగిని చూశాక డాక్టరు ఆ వివరాలన్నీ రికార్డరులో గొణుగుతాడు. ఆ గొణుగుడంతా ఈవిడ టైపు చేసి పంపుతుంది. మాట అందకపోతే కాలితో పెడల్ నొక్కితే చాలు, వెనక్కి వెళ్లి మళ్లీ వినిపిస్తుంది. ఒక డాక్టరు నములుతూ మాట్లాడేవాడు, ఇంకొకాయన కారు నడుపుతూ. మధ్యలో "స్క్రాచ్ దట్" అన్నారంటే, అంతకుముందు అన్నది కొట్టెయ్యమని. దగ్గులు, విసుగులు, నర్సుతో వేసిన జోకులు, ఇవేవీ కాగితం మీదికి రాకూడదు. బాపట్లలో బోటనీ చదివి పెళ్లి చేసుకుని వచ్చిన మనిషికి ఈ పని చక్కగా అబ్బింది. ఆ రోగం ఏమిటో తెలియక్కర్లేదు. ఒకరి మాటని చెడగొట్టకుండా ఇంకొకరికి చేర్చడం తెలిస్తే చాలు.

ఇంట్లో ఇంకో ఇద్దరు. కార్ల కంపెనీలో బ్రేకులు డిజైన్ చేసే భర్త శ్యామ్‌సుందర్, ఒక్కగానొక్క కూతురు కృతి.

కృతి కాలేజీలో బయాలజీ అని చేరింది. రెండు సెమిస్టర్లు అయ్యాక, ఎవరికీ చెప్పకుండా చరిత్రకి మారింది. పోనీ ఏ చరిత్రా అంటే, వెయ్యేళ్ల కిందటి ఇంగ్లండు. ఆంగ్లో-శాక్సన్ రాజులు, వాళ్ల పెళ్లాలు, అప్పచెల్లెళ్లు, కూతుళ్లు. ట్రాయ్ తెలుగువాళ్లు ఈ వార్తని ఒక జబ్బు గురించి విన్నట్టు విన్నారు. వాళ్లలో దామోదర్ గారని ఒకాయన ఉన్నారు. తెలుగు సంఘానికి ఒక ఏడు అధ్యక్షుడు, మరో ఏడు మాజీ అధ్యక్షుడు, ఏ ఏడైనా మైకు మాత్రం ఆయన చేతిలోనే. ఉగాది భోజనాల దగ్గర కృతిని పట్టుకున్నారు.

"ఆంగ్లో-శాక్సన్లా? ఏమ్మా, మన కాకతీయులు ఏం పాపం చేశారు?"

"అక్కడ కూడా సేమ్ ప్రాబ్లమ్ అంకుల్," అంది కృతి, పేపరు ప్లేట్లో గారె విరుస్తూ. "రుద్రమదేవికి కూతుర్లే. బట్ ఆమె తర్వాత రాజ్యం మనవడికి వెళ్లింది. మధ్యలో కూతుర్ని జంప్ చేశారు. వై?"

"అంటే... మగపిల్లాడు కదమ్మా."

"ఆ 'అంటే' ఉంది కదా, దాని గురించే చదువుతున్నా."

ఆయన నవ్వేసి, పక్కవాళ్లతో "పిల్ల షార్పే, చదువే పాడు చేసుకుంది" అన్నారు. వసుమతికి వినపడింది. ఆ మాట ఆమె లోపల కూడా ఉన్నదే కాబట్టి, కోపం తెచ్చుకోవడానికి వీల్లేకపోయింది.

తర్వాత పిహెచ్‌డి. ఊరికి గంటన్నర దూరంలో యూనివర్సిటీ, నెలకి రెండు వారాంతాలు ఇంటికి రాక. వచ్చినప్పుడల్లా వసుమతి రెండు పనులు చేసేది: వండిపెట్టడం, సంబంధాలు చూపించడం. డాలస్‌లో డాక్టరు, జెర్సీ సిటీలో ఫైనాన్సు, శాన్ హోసేలో సొంత కంపెనీ. కృతి వంట తినేది, ఫోటోలు తిరగేసి పెట్టేది.

2012 జనవరి చివర్లో ఒక శనివారం వంటింట్లో బెండకాయలు తరుగుతూ వసుమతి అడిగింది, ఇన్నేళ్లకి మొదటిసారి, "అసలు నువ్వు చదివేది ఎవర్నే?" అని.

కృతి ఆశ్చర్యపోయి, స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఎల్ఫ్‌విన్ అని ఒకామె. వాళ్ల తాతగారు ఆల్ఫ్రెడ్, పెద్ద రాజు. ఆయన కూతురు ఎథెల్‌ఫ్లెడ్‌ని మెర్సియా అనే పక్క రాజ్యానికి ఇచ్చి పెళ్లి చేశారు. హస్బెండ్ చనిపోయాక ఆమే రూల్ చేసింది. కోటలు కట్టింది, వార్స్ గెలిచింది. ఆమెకి ఒక్కతే కూతురు, ఈ ఎల్ఫ్‌విన్. మదర్ పోయాక మెర్సియా వాళ్లు కూతుర్ని కూర్చోబెట్టారు. కొన్ని నెల్లే. తర్వాత అంకుల్ వచ్చి, పవర్ మొత్తం తీసేసుకుని, ఆమెని తన రాజ్యానికి తీసుకెళ్లిపోయాడు. క్రిస్మస్‌కి మూడు వారాల ముందు."

"అంకుల్ అంటే?"

"మదర్ వాళ్ల బ్రదర్. ఎడ్వర్డ్."

"మేనమామా!" వసుమతి చేతిలో కత్తి ఆగింది. "మేనమామ ఎక్కడైనా అలా చేస్తాడే? పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి పీటల మీదికి తెచ్చేవాడే మేనమామ."

"ఈయన కూడా తీసుకెళ్లాడు. వితౌట్ బుట్ట."

"తర్వాత ఏమైంది పిల్ల?"

"తెలీదు. ఆమె గురించి రాసింది ఒక్క సెంటెన్స్. అందులో కూడా ఫలానా ఫాదర్‌కి కూతురు అని ఉంది, మదర్ పేరు లేదు. ఆ తర్వాత ఇంక ఎక్కడా లేదు. బతికిందో పోయిందో, నన్ అయ్యిందో. జస్ట్ గాన్."

"పెళ్లి?"

"అవ్వలేదు. థర్టీ వచ్చినా."

"థర్టీయా!"

"అమ్మా, ఆ టాపిక్‌లోకి వెళ్లద్దు."

"నేనేమీ అనలేదు."

"నీ ఫేస్ అంది." కృతి నవ్వింది. "నా పేపర్ దాని మీదే. మదరే కావాలని పెళ్లి చెయ్యలేదు అని. చేస్తే అల్లుడు వస్తాడు, రాజ్యం అల్లుడిది అయిపోతుంది. కూతురికి ఉంచాలని చెయ్యలేదు."

"ఏ తల్లీ అలా చెయ్యదు."

"నువ్వు చెయ్యవు," అంది కృతి. ఆ మాటలో నిష్ఠూరం ఉందో లేదో వసుమతికి తెలియలేదు.

ఆ పేపరు మే నెలలో కలమజూలో చదవాలి. పశ్చిమ మిషిగన్‌లోని ఆ ఊళ్లో ఏటా మధ్యయుగాల చరిత్ర చదివే పండితులంతా కలుస్తారు. ఇరవై నిమిషాలు చదవడం, తర్వాత ప్రశ్నలు. "చప్పట్లు అందరికీ కొడతారు అమ్మా, అవి కౌంట్ అవ్వవు," అంది కృతి. "క్వశ్చన్ రావాలి. ఎవరూ ఏమీ అడక్కపోతే, ఎవరూ విననట్టే." ఆ సాయంత్రం బేస్‌మెంట్లోకి దిగి, పేపరు ఇరవై నిమిషాల్లో పడుతుందో లేదో చూసుకోవడానికి తల్లి రికార్డరు పెట్టుకుని చదివింది. పైన పప్పుకి పోపు పెడుతూ వసుమతి ఆ గొంతు వింది, మాటలు వినలేదు.

ఆదివారం మధ్యాహ్నం కృతి బయలుదేరింది. దారిలో వాన గడ్డకట్టి రోడ్డంతా కంటికి కనపడని మంచు. ముందు ఒక ట్రక్కు అడ్డం తిరిగింది. వెనక ఏడెనిమిది కార్లు. కృతిది రెండోది.

పోయినవాళ్ల గురించి మంచే మాట్లాడాలని మనకొక మర్యాద ఉంది. ఆ మర్యాద ఎంత ఘోరమో ఆ నెలలో వసుమతికి అర్థమైంది. చదువు పాడు చేసుకుందన్న నోళ్లే వరసగా వచ్చి సోఫాలో కూర్చుని, "ఎంత గొప్ప చదువు, ఎంత తపన" అన్నాయి. మంచివాళ్లనే దేవుడు త్వరగా తీసుకుపోతాడని ఒకరు. అలాగైతే ఈ గదిలో ఉన్నవాళ్లందరి సంగతేమిటని అడగాలనిపించింది వసుమతికి. కాఫీలు ఇచ్చింది. కృతి వాదించేది, మాటకి మాట అంటించేది, తప్పు దొరికితే వదిలేది కాదు. వీళ్లు చెబుతున్న ఆ సాధుమూర్తి ఎవరో ఆమెకి తెలియదు.

మార్చిలో కృతి గైడ్ ఫోన్ చేసింది. కలమజూ పేపరు రద్దు చేయనా, లేక తను చదవనా? చదవాలంటే ఒక ఇబ్బంది ఉంది, చివరి ప్రతి కృతి లాప్‌టాప్‌లోనే ఉంది. లాప్‌టాప్ కారులో నుజ్జయింది. తన దగ్గరున్నది పాత చిత్తు, అందులో వాదం సగమే.

"నా దగ్గర ఉంది," అంది వసుమతి.

ఉందని తెలుసు కాని, బేస్‌మెంట్ మెట్లు దిగడానికి మరికొన్నాళ్లు పట్టింది. దిగాక మామూలుగానే కూర్చుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుంది, పెడల్ మీద కాలు ఆన్చింది. కృతి ఇంగ్లీషులో మొదలుపెట్టింది. మొదటి పేజీ సాఫీగా వచ్చింది. రాజుల పేర్లు దాదాపు ఒకే మోస్తరు, ఎథెల్‌తో ఒకటి, ఎడ్‌తో ఒకటి. మందుల పేర్ల కంటే కష్టమేం కాదు. ఎక్కడైనా అందకపోతే పెడల్ నొక్కింది, కూతురు మళ్లీ చెప్పింది. ఎన్నిసార్లు నొక్కితే అన్నిసార్లు చెప్పింది. బతికుండగా ఇంత ఓపిక లేదు దానికి. కాసేపయ్యాక, అందిన మాటలకి కూడా కాలు దానంతటదే నొక్కడం మొదలుపెట్టిందని గమనించి వసుమతి పాదం తీసి నేల మీద పెట్టుకుంది.

పద్నాలుగో నిమిషం దగ్గర కృతి చదవడం ఆపింది. తనలో తను అనుకుంటున్నట్టు, "ఆగు. అసలు ఎల్ఫ్‌విన్‌కే ఇష్టం లేదేమో. పెళ్లీ వద్దు, రాజ్యమూ వద్దనుకుందేమో. నేను కూడా తల్లి ఏమనుకుంది, మామ ఏమనుకున్నాడు అనే చూస్తున్నా. ఆమెని ఎవరడిగారు?" నీళ్ల సీసా మూత తీసిన చప్పుడు. గుటక. "నో. స్క్రాచ్ దట్. ఇరవై నిమిషాల్లో పట్టదు." మళ్లీ పేపరు.

వసుమతి ఆ ముక్క టైపు చేసింది. తర్వాత కొట్టేసింది. చెప్పినవాళ్లు కొట్టెయ్యమన్నాక ఉంచడం ఆమె ఎన్నడూ చెయ్యలేదు.

ఆ రాత ముగించి, భర్తతో "నేనే చదువుతాను" అంది.

"వసూ, నీకెందుకు చెప్పు. గైడ్ చదువుతానంది కదా. అక్కడ నిలబడి ఏడుస్తావు."

"ఏడవను. 'పేషెంట్ ఎక్స్‌పైర్డ్' అని ఎన్నిసార్లు టైపు చేశానో మీకేం తెలుసు."

"అది వేరు."

"ఏమీ వేరు కాదండీ. ఎవరో ఒకరు ప్రశ్న అడగాలి, అంతే. గైడ్ చదివితే అందరూ ఆవిణ్ణి చూసి తలూపుతారు. దాని పేపరు విని, దాన్ని ఒక్కరైనా అడగాలి."

ఒంటరిగా వెళ్లొస్తే బాగుండేది. కాని ట్రాయ్‌లో తెలుగువాళ్ల ఇంట్లో జరిగేది ఏదీ ఒంటరిగా జరగదు. "మన కృతికి సన్మానమట" అని వార్త పాకింది. మే నెల ఆ ఉదయం మూడు కార్లు బయలుదేరాయి. పట్టుచీరలు, వీడియో కెమెరా, ట్రేలు. దామోదర్ గారి భార్య కనకదుర్గ దారిలో కారాపినప్పుడు చెవిలో చెప్పింది: "ఇది శుభంలోకి వస్తుందో అశుభంలోకి వస్తుందో తేల్చుకోలేక పులిహోర మానేశా వదినా. పెరుగన్నం చేశా. అది ఎందులోకైనా పనికొస్తుంది." వసుమతికి నవ్వొచ్చింది. జనవరి తర్వాత అదే మొదటిసారి.

అక్కడ పేర్లు నమోదు చేసుకుని, మెడలో బ్యాడ్జీ ఉంటే గాని లోపలికి వెళ్లడానికి వీల్లేదు. బ్యాడ్జీ ఉన్నది వసుమతికొక్కదానికే. మిగతావాళ్లు పెరుగన్నం ట్రేలతో వరండాలో నిలబడ్డారు. సంగతి తెలిసి సభాధ్యక్షురాలు స్వయంగా బయటికొచ్చింది. కళ్లు తుడుచుకుంటూ అందర్నీ లోపలికి రమ్మంది. అది చూసి వసుమతికి దిగులేసింది. ఇంకా ఒక్క ముక్క చదవకముందే ఏడుపు మొదలైతే, ఇంక ప్రశ్న ఏం వస్తుంది?

చిన్న గది. సగం కుర్చీల్లో మనవాళ్లు, మిగతా సగంలో ఓ డజను మంది పరిశోధకులు. ముందు ఐర్లండ్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి, కృతి ఈడుదే, రాజుల భార్యలకి పెళ్లిలో ఇచ్చే భూముల గురించి చదివింది. తర్వాత వసుమతి లేచింది.

ఏడవలేదు. కృతి ఎక్కడ ఆగిందో అక్కడ ఆగింది, ఎక్కడ స్వరం పెంచిందో అక్కడ పెంచింది. పేర్లు ఒక్కటీ తడబడలేదు. తల్లి కావాలనే కూతురికి పెళ్లి చెయ్యలేదన్న చోట కూడా గొంతు మారనివ్వలేదు. ఆ ఒక్క వాక్యంలో ఎల్ఫ్‌విన్ తల్లి పేరు లేదన్న చోట, ముందు వరసలో శ్యామ్‌సుందర్ తల దించుకున్నాడు. పందొమ్మిది నిమిషాల్లో పేపరు అయిపోయింది.

చప్పట్లు మొదలయ్యాయి. ఒకరు లేచారు, తర్వాత అందరూ లేచారు. మోగుతూనే ఉన్నాయి. వసుమతి కాగితాలు పట్టుకుని, వాన తగ్గేదాకా ఆగినట్టు నిలబడింది. తగ్గాక సభాధ్యక్షురాలు, "ఇంత ధైర్యం చూశాక మాటలు రావు. కృతి జ్ఞాపకార్థం ఒక నిమిషం మౌనం పాటించి, తర్వాత మొదటి పేపరు మీద ప్రశ్నలు తీసుకుందాం" అంది.

వసుమతి నోరు తెరిచేలోగా దామోదర్ గారు లేచారు. "గుడ్ మార్నింగ్ ఎవ్రీబడీ. ఆన్ బిహాఫ్ ఆఫ్ ది తెలుగు కమ్యూనిటీ, ఇన్ అవర్ గ్రేట్ కల్చర్, మదర్ ఈజ్ గాడ్..."

"అన్నయ్యగారూ, కూర్చోండి," అంది వసుమతి తెలుగులో.

"రెండే ముక్కలు చెల్లెమ్మా."

"వద్దు. ఇది సంతాపసభ కాదు. దాని పేపరు మీద అడిగేది ఏమైనా ఉంటే అడగండి."

"నాకేం తెలుసమ్మా ఆ రాజుల గురించి?"

"తెలీకపోతే కూర్చోండి మరి."

ఆయన కూర్చున్నారు. కనకదుర్గ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వసుమతి అధ్యక్షురాలి వైపు తిరిగింది. తన ఇంగ్లీషు బాపట్ల ఇంగ్లీషు, ఇందాకటి దాకా కూతురి ఇంగ్లీషు మాట్లాడింది, ఇప్పుడు తనది.

"మేడమ్, మౌనం వద్దు. ఇంట్లో చాలా ఉంది. మా అమ్మాయి ఇక్కడ ఉంటే మీరు ఊరుకునేవారా? తప్పులు పట్టేవారు కదా. పట్టండి. దయచేసి ఎవరైనా ఒక ప్రశ్న అడగండి."

ఎవరూ కదల్లేదు. ఒకరు పెన్ను మూత పెట్టుకున్నారు. ఒకరు చేతులు చూసుకున్నారు. మంచివాళ్లు పాపం, బాధపెట్టకూడదని చూస్తున్నారు. వసుమతి ఒక్కొక్క మొహమే చూసుకుంటూ వెళ్లింది. వినలేదు. ఎవరూ వినలేదు. నన్నే చూశారు.

అప్పుడు వెనక వరసలో ఊతకర్ర పట్టుకున్న ముసలి ప్రొఫెసరు చెయ్యెత్తాడు. మొహంలో జాలి లేదు, కొంచెం చిరాకు కూడా ఉంది.

"పేపరు పదునుగా ఉంది," అన్నాడు. "కాని నాకు మింగుడుపడని సంగతి ఒకటుంది. పెళ్లి కాకపోవడం తల్లి నిర్ణయమే అనుకుని మొత్తం కట్టారు. ముప్ఫై ఏళ్ల రాజకుమార్తె. ఆమెకంటూ ఒక ఇష్టం ఉండదా? పెళ్లి వద్దన్నది ఆమేనేమో. ఈ సంగతి ఆలోచించారా?"

"మీరు జవాబు చెప్పక్కర్లేదు," అని అధ్యక్షురాలు వసుమతి చెయ్యి పట్టుకోబోయింది. వసుమతి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఆలోచించింది," అంది. "చదువుతూ మధ్యలో ఆపి, సరిగ్గా ఇదే అంది. ఆమెకే ఇష్టం లేదేమో, ఆమెని ఎవరడిగారు అని. తర్వాత కొట్టెయ్యమంది, టైము లేదని. నేను కొట్టేశాను."

"అయ్యో, ఉంచాల్సింది," అన్నాడు ముసలాయన, నిజంగా నొచ్చుకుని. "మొత్తం పేపరులో అసలు ప్రశ్న అదే. సరే, ఆ దారిలో వెళ్లి ఉంటే ఏం చూపించేది? ఆమె ఇష్టం మనకి ఎక్కడ దొరుకుతుంది?"

వసుమతి కాగితాలు తిరగేసింది. అందులో లేదని తెలుసు. చివరి శనివారం తను బల్ల మీద పరిచిన మూడు ఫోటోలు గుర్తొచ్చాయి. వీళ్లలో ఎవరు నచ్చారే అని అడిగింది. అసలు కావాలా అని అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేదో, ఎటు తిరిగి చెప్పేదో, నవ్వుతూనో విసుక్కుంటూనో, ఇప్పుడు ఏ చోట వెతికినా దొరకదు.

ముసలాయన ఎదురుచూశాడు. మర్యాదకి కాదు, జవాబు కోసమే చూశాడు.

"నాకు తెలియదు," అంది వసుమతి. "అది చెప్పగలిగింది ఆమె ఒక్కతే."

"అవును," అన్నాడాయన. పుస్తకంలో ఏదో రాసుకున్నాడు.

వసుమతి వచ్చి కుర్చీలో కూర్చుంది. శ్యామ్‌సుందర్ నీళ్ల సీసా అందించాడు. ఆమె పుచ్చుకుంది, తాగలేదు. ప్రశ్న వచ్చింది. కృతి మాట విన్న మనిషి ఒకడు దొరికాడు, దాన్ని సమానంగా నిలబెట్టి అడిగాడు. ఇంతకంటే ఏం కావాలనుకుని రాలేదు. వచ్చాక తెలిసింది, ప్రశ్న రావడంతో పని అయిపోదు. అడిగినవాడు ఎదురుగా కూర్చుని ఉంటాడు, జవాబుకి చోటు ఖాళీగా ఉంటుంది.

అధ్యక్షురాలు గొంతు సవరించుకుని, మొదటి పేపరు మీద ఎవరైనా అని అడిగింది. ఎవరో అడిగారు, భూముల గురించి, కాస్త వంకరగానే. ఐర్లండ్ అమ్మాయి "ఓ, అది నేను ఆలోచించలేదే, ఒక్క సెకను" అని జుట్టు చెవి వెనక్కి తోసుకుని, పైకప్పు వైపు చూసి, తనలో తను నవ్వుకుని, చేతులు తిప్పుతూ జవాబు చెప్పడం మొదలుపెట్టింది.